పిల్లల మాటెత్తని ఆదివారాలు

మా వియ్యంకుడు పోయాడు. మంగళవారం పొద్దున మా కోడలు వాళ్ళ నాన్న ఇంటికి వెళ్ళి, అక్కణ్ణించి నాకు ఫోన్ చేసింది. "మామయ్యా, డాడ్ లేడు" అంది. తనకి వచ్చిన తెలుగంతా ఆ పూట ఆ రెండు మాటలకే కుదించుకుపోయింది. మేముండేది సిడ్నీలో, బ్లాక్‌టౌన్‌లో, ఆయన ఇల్లు రెండు వీధుల అవతల. రోజూ మా ఇంటికి నడిచి వచ్చినట్టే ఆ రోజూ రాబోయాడు. బూట్లు తొడుక్కున్నాడు, లేసులు కట్టుకున్నాడు, కుర్చీలోంచి లేవలేదు. అంతే.

మన సంఘం పత్రికలో పోయినవాళ్ళ గురించి వాళ్ళ వాళ్ళు రాస్తుంటారు. ఆయన గురించి తెలుగులో ఎవరు రాస్తారు? ఆయన చైనావాడు. అందుకని నేనే కూర్చున్నాను. నేను చదివింది ఐదో తరగతి. ఆ పైన చదువంతా మిలిటరీ లారీ స్టీరింగు నేర్పింది. నా రాతలో సొగసు వెతక్కండి.

పటాలంలో నేను డ్రైవరుని. చైనా సరిహద్దు కొండల మీద రేషను, మందుగుండు మోసుకెళ్ళేవాణ్ణి. ఎదురు గట్టు మీద వాళ్ళ సెంట్రీ కనపడేవాడు. అలాంటి నాకు, సిడ్నీకి చదువుకోను వచ్చిన కొడుకు ఫోన్ చేసి, చైనా పిల్లని చేసుకుంటానన్నాడు. "ఒరేయ్, నేను అన్నేళ్ళు చలిలో కాపలా కాసింది ఎవరి మీదరా?" అని అరిచాను. వాడు నిదానంగా, "వాళ్ళ నాన్న కూడా డ్రైవరే నాన్నా. ఇక్కడ సిటీ బస్సు నడుపుతాడు" అన్నాడు. ఆ మాటతో నా గొంతు సగానికి దిగింది.

పెళ్ళికి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టుకి ఆయనే కారు తెచ్చాడు. నేనొక దండం పెట్టాను, ఆయనొక వంగుడు వంగాడు. తరవాత కారు ఎక్కకుండా చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరునీ బూటుకాలితో తన్ని చూడటం మొదలుపెట్టాడు. నేను అప్పటికే రెండో వైపు నుంచి అదే పని చేసుకుంటూ వస్తున్నాను. డిక్కీ వెనకాల ఇద్దరం ఎదురుపడ్డాం. ఆయన నవ్వాడు. నేను తొందరగా నవ్వే మనిషిని కాను, కానీ నవ్వాను.

ఆ తరవాత నేనూ కొడుకు దగ్గర ఇక్కడే ఉండిపోయాను. నా పేరు ఆయనకి నోరు తిరగలేదు. మా కోడలు "బావగారు" అనమని నేర్పింది. ఆ ఒక్క మాటా తెలుగువాడిలాగే పలికేవాడు. హారిస్ పార్క్‌లో సరుకుల కొట్టుకి వెళ్తే, ఆ చివర కూరల దగ్గర్నుంచి "బావగారూ! బెండకాయ లేత!" అని కేకేసేవాడు. కొట్లో ఉన్న మనవాళ్ళంతా ఒక్కసారి తిరిగి చూసేవాళ్ళు. ఒకాయన నన్ను పక్కకి పిలిచి, "అంకుల్, ఆ చైనీస్ ఆయన మీకు బావెలా అయ్యాడు?" అని అడిగాడు. "మీ బావ మీకెలా అయ్యాడో అట్లాగే" అన్నాను.

మా ఇద్దరి మధ్య నడిచింది ముక్కల ఇంగ్లీషు, చేతి సైగలు. మిగతాది మేం దాటిన రోడ్లు. అయినా పోట్లాడుకోవడానికి ఆ భాష సరిపోయేది. టీవీలో రోజూ అదే గోల. అమెరికా, బ్రిటన్‌తో కలిసి ఆస్ట్రేలియా అణు జలాంతర్గాములు తెస్తుందట. జపాను, మన ఇండియా కూడా అమెరికా పక్కన కూర్చుని మీటింగులట. చైనా ఊరుకోదట. నాకు వేడెక్కేది.

"మీ వాళ్ళకి మా కొండలు చాల్లేదు, ఇప్పుడు సముద్రం గూడా కావాలా?" అనేవాణ్ణి. కోడలు వాళ్ళ భాషలో సగం మింగి సగం చెప్పేది.

ఆయన కోప్పడేవాడు కాదు. ఒకసారి బల్ల మీద రెండు టీ కప్పుల్ని ఎదురెదురుగా పెట్టాడు. "బావగారూ, బిగ్ బస్. అనదర్ బిగ్ బస్. స్మాల్ రోడ్. నోబడీ రివర్స్." తరవాత కప్పుల్లోకి వేలు చూపించి, "ఇన్‌సైడ్, ప్యాసింజర్స్" అన్నాడు.

నేను వదల్లేదు. కొండ రోడ్డు సంగతి నాకంటే ఎవడికి తెలుసు? "దానికి రూలుందయ్యా. దిగే బండి ఆగాలి, ఎక్కే బండికి దారివ్వాలి" అన్నాను, చేత్తో ఎక్కుడు దిగుడు చూపించి.

ఆయన కప్పులు రెంటినీ ఇంకాస్త దగ్గరికి జరిపాడు. "హూ ఈజ్ గోయింగ్ అప్? బోత్ థింక్ గోయింగ్ అప్" అన్నాడు. టీవీలో టై కట్టుకుని గంటలు గంటలు వాదించేవాళ్ళ దగ్గర ఆ ముక్క నేనింతవరకూ వినలేదు.

మా ఇద్దరికీ ఒక్కతే మనవరాలు. నన్ను తాతా అంటుంది, ఆయన్ని వాళ్ళ మాటలో లావ్‌యే అంటుంది. యూనివర్సిటీ అయ్యాక ఒకనాడు భోజనాల దగ్గర, ఆస్ట్రేలియా నేవీలో చేరతానంది. నా ఛాతీ పొంగింది. నా నెత్తురు ఎక్కడికి పోతుంది! తరవాతే వియ్యంకుడి వైపు చూశాను. ఆయన చెంచా కింద పెట్టాడు. ఆ నేవీ ఎవరి కోసం పెద్దదవుతోందో ఆ బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు.

నేవీలో చేరేవాళ్ళ బంధువుల సంగతి ఆరా తీస్తారు. ఏ దేశంలో ఎవరున్నారు, వాళ్ళతో ఎంత మాట్లాడతారు అని. ఆయనకి చైనాలో ఒక చెల్లెలుంది. ఉత్తరాన సముద్రం ఒడ్డు ఊరు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆమెతో ఫోన్. మా వాడు నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళి, "నాన్నా, క్లియరెన్స్ వచ్చేదాకా ఆయన ఫోన్లు ఆపితే బెటర్. నేనెట్లా అడగను? ఆయన ఫీలవుతాడు" అన్నాడు. నాకు నాన్చడం రాదు. లోపలికి వెళ్ళి నేరుగా, "బావగారూ, సిస్టర్ ఫోన్ స్టాప్. ఫర్ ది గర్ల్" అన్నాను.

ఆయన ఒక కుర్చీ ముందుకి లాగాడు. మనవరాల్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి వాళ్ళ భాషలో మాట్లాడాడు. పిల్ల ముఖం తెల్లబోయింది. కోడలు మాకు చెప్పింది. "చెల్లి పేరు, ఊరు, ఫోన్ నంబర్, అన్నీ వాళ్ళకి చెప్పు అంటున్నాడు. ఇంకోటి కూడా. చెల్లి మనవడు చైనా నేవీలో ఉన్నాడు. అదీ చెప్పమంటున్నాడు."

మా వాడు తల పట్టుకున్నాడు. "అయిపోయింది. ఇంక దీన్ని తీసుకోరు."

ఆయన మా వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "బ్రేక్ నో గుడ్, టెల్ ఇన్ డిపో. నాట్ ఆన్ ద హిల్" అన్నాడు. అది నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. బ్రేకు బాగా లేని బండిని చెప్పకుండా తీసిన డ్రైవర్ల గతేమైందో నేను కళ్ళారా చూసినవాణ్ణి.

పిల్ల అంతా చెప్పింది. వాళ్ళు పిలిచి అడిగారు, మళ్ళీ పిలిచి అడిగారు. నెలలు నాన్చారు. చివరికి తీసుకున్నారు. అక్కడ ఏం పని చేస్తుందో చెప్పదు. మేమూ అడగం.

బయల్దేరే రోజున అందరం ఆయన వస్తాడా రాడా అని చూస్తున్నాం. నేను కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టుకుంటూ ఉన్నాను. ఆయన పెద్ద గిన్నె పట్టుకుని వచ్చాడు. లోపల కజ్జికాయ ఆకారంలో ఉడికించిన పిండి ముద్దలు, డంప్లింగ్స్ అంటారే అవి. కోడలు మూత తీసి చూసి భోరుమంది.

"ఏందమ్మా, సరిగ్గా ఉడకలేదా?" అన్నాను.

"కాదు మామయ్యా. ఇంటికి వచ్చేవాళ్ళకి మేం నూడుల్స్ చేస్తాం. వెళ్ళేవాళ్ళకి ఇవి చేస్తాం. పంపించడం ఇష్టం లేకపోతే డాడ్ ఇవి చెయ్యడు" అంది.

పిల్ల నిలబడే తింది. ఆయన ఒక్కొక్కటే దాని ప్లేట్లో వేశాడు. తరవాత మా నిమ్మకాయల్ని వంగి చూసి, ఒకటి పక్కకి ఒరిగిందని సరిగ్గా టైరు కిందికి జరిపాడు. కారు వెళ్ళిపోయాక, "షి స్లీప్ దిస్ హౌస్. షి గార్డ్ దిస్ డోర్" అన్నాడు నాతో.

అసలు సంగతి ఆ తరవాతి ఆదివారం జరిగింది. ఆయన ఇంటికి కోడలితో పాటు నేనూ వెళ్ళాను. ఆయన చెల్లెలికి ఫోన్ కలిపాడు. నాలుగు మాటలన్నాడు. కోడలు కూర తరుగుతున్నదల్లా ఆగిపోయింది.

"ఏమన్నాడు?" అన్నాను.

"ఈ రోజు నుంచి నీ మనవడి మాట నాకు చెప్పొద్దు, నా మనవరాలి మాట నన్ను అడగొద్దు. బతికున్నారా అని కూడా వద్దు. మన మాటల వల్ల వాళ్ళిద్దరిలో ఎవరికీ చెడు జరగకూడదు. అలా అన్నాడు."

అప్పుడు ఆ ముసలామె ఏదో అడిగింది. ఆయన దానికి నెమ్మదిగా జవాబిచ్చాడు.

"ఇప్పుడేంది?"

"చిక్కుడు విత్తనాలు మొలిచాయా అని అడిగింది. మొలిచాయి అన్నాడు."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం చిక్కుడు, గుమ్మడి, మోకాళ్ళ నొప్పులు, పక్కింటి పిల్లి. ఆయనకి ఒక్కతే చెల్లెలు. ఆయన ప్రాణం మనవరాలి మీద, ఆమె ప్రాణం మనవడి మీద. ఆ పిల్లల పేరు తప్ప మిగతా లోకమంతా మాట్లాడుకున్నారు. ఎవరూ ఆయన్ని అలా ఉండమనలేదు, సంతకం పెట్టించుకోలేదు. నేను పటాలంలో పెద్ద పెద్ద ఆఫీసర్లని చూశాను. వాళ్ళు రహస్యం దాచమని మాకు ఆర్డరిచ్చేవాళ్ళు. తనకి తాను ఆర్డరిచ్చుకుని, దాన్ని ఏళ్ళ తరబడి నవ్వుతూ మోసినవాణ్ణి నేను ఈయన్నే చూశాను.

ఒకసారి చైనా యుద్ధనౌకలు ఆస్ట్రేలియా వైపు వచ్చాయని టీవీలో మోగిపోయింది. మా పిల్ల ఫోన్ అప్పటికి కొన్ని రోజులుగా ఎత్తడం లేదు. సముద్రం మీద ఉందని అనుకుంటున్నాం. ఆదివారం వచ్చింది. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఈ రోజు తప్పకుండా అడుగుతాడు, ఎవడైనా అడుగుతాడు అనుకున్నాను. ఆయన ఏదో చిన్న మాట అడిగాడు. ఆమె ఏదో అంది. ఆయనా అదే మాట అన్నాడు. కోడలు నా చెవిలో చెప్పింది. "నిద్ర పడుతోందా అన్నాడు. లేదు, నీకు? అంది. లేదు అన్నాడు."

తరవాత ఇద్దరూ గుమ్మడికాయ పులుసులో ఉప్పు గురించి మాట్లాడుకున్నారు. నేను లేచి బయటికి వెళ్ళి, ఆయన చిక్కుడు పందిరి కింద నిలబడ్డాను. మనిషిలో అంత చోటుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

అంత్యక్రియలకి పిల్ల వచ్చింది. నేను ముందే ఫోన్లో, "యూనిఫాం వేసుకురా. మీ లావ్‌యేకి సెల్యూట్ కొట్టాలి. నేనూ మెడల్స్ పెట్టుకుంటున్నా" అన్నాను.

"నో, తాతా" అంది. "లావ్‌యే చెల్లి విల్ బి వాచింగ్. హి ప్రామిస్డ్ హర్."

మామూలు తెల్ల చుడీదార్‌లో వచ్చింది. నేను నా మెడల్స్ తీసి జేబులో వేసుకున్నాను.

హాల్లో పెద్ద టీవీకి ఆ చెల్లెల్ని వీడియోలో కలిపాడు మా వాడు. ఆమెని నేను చూడటం అదే మొదలు. ఎండిపోయిన చిన్న మనిషి, అన్నగారి నుదురే. పిల్ల వెళ్ళి ఆ టీవీ ఎదురుగా నిలబడి, వాళ్ళ పద్ధతిలో మూడుసార్లు వంగింది. ముసలామె కళ్ళు తుడుచుకోలేదు. పిల్లని తల నుంచి పాదాల దాకా చూసుకుంది. ఎక్కడుంటున్నావని అడగలేదు, ఏం చేస్తున్నావని అడగలేదు. "సన్నబడ్డావు" అందట, అంతే.

అప్పుడు ఆమె వెనక గోడ మీద నాకో ఫోటో కనపడింది. తెల్ల బట్టల్లో, తెల్ల టోపీలో ఒక కుర్రాడు, బిర్రుగా నిలబడి. మా పిల్ల చూపు కూడా అటు పోయింది. ఆమె అది గమనించింది. రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుని, పట్టి పట్టి, కుర్చీని కొద్దికొద్దిగా పక్కకి జరుపుకుంది. కుర్రాడి ముఖం మరుగున పడింది. ఆమె భుజం పైన ఆ టోపీ తెల్లటి అంచు ఒక్కటి మిగిలింది. మా పిల్ల తల దించుకుంది.