రేవు మెట్టు మీద చెప్పుల జత

ఆ రోజు పొద్దున నేను చేసిన తప్పు చూడ్డానికి చిన్నదే. రేవు మెట్టు మీదున్న ఒక చెప్పుల జతను తీసి మా అరుగు మీద పెట్టాను. సాయంత్రం దాన్ని కప్పిపుచ్చడానికి చేసిన పని మాత్రం చిన్నది కాదు. ఇన్నేళ్ళకూ కృష్ణలో ఎర్రనీళ్ళు చూస్తే నేను ఒడ్డున నిలబడను. అది నీటిని చూసిన భయం ఒక్కటే అని చెప్పలేను.

తొంభైలలో నేను నాగాయలంక హైస్కూల్లో లెక్కల మాస్టారిని. పుట్టి పెరిగింది గుడివాడలో. ఏరు అంటే బస్సు కిటికీలోంచి చూసి దణ్ణం పెట్టుకునేది అని తప్ప ఏమీ తెలియదు. అలాంటివాణ్ణి రేవు వీధిలో అద్దెకు దిగాను. ఒకప్పుడు బందరు నుంచి తెరచాప పడవలు వచ్చి ఆగేవట అక్కడ. ఆ వైభవానికి మిగిలిన గుర్తు వీధి చివర ఉప్పు కొట్టు. పైకప్పు లేదు, గోడలు మాత్రం మూరెడు మందం. ఆ గోడ మీద మనిషికంటే ఎత్తున ఒక తారు గీత ఉండేది. ఉప్పెన నీళ్ళు అంతదాకా వచ్చాయని గీశారు. వీధిలో ఎవరూ ఆ గీత గురించి మాట్లాడేవాళ్ళు కాదు. కానీ వాన పట్టినప్పుడల్లా ఒకసారి దాని వంక చూసేవాళ్ళు.

మిగతా రోజుల్లో అంత హాయైన వీధిని నేను మళ్ళీ చూడలేదు. రెండు వరసల పెంకుటిళ్ళు, చెక్క స్తంభాలు, ఒకదాన్నొకటి అంటుకున్న అరుగులు. మొదటి ఇంటి నుంచి ఏటిదాకా నేల మీద కాలు పెట్టకుండా అరుగుల మీదే నడిచిపోవచ్చు. సాయంత్రమైతే అందరూ బయటే. ఎవరింట్లో చేపల పులుసు కాగుతోందో వీధంతటికీ తెలిసేది. మా ఎదురింట్లో బాబాయి కుట్టు మిషను పెట్టుకుని లాగులు, జాకెట్లు కుట్టేవాడు. బంధువేమీ కాదు, వీధిలో చిన్నవాళ్ళందరికీ ఆయన బాబాయి, ఆయన భార్య పిన్ని. పిన్నికి ఏటి అవతల లంకలో చిన్న పొలం చెక్క ఉండేది. దోసపాదులు పెట్టేది, గేదెకు గడ్డి కోసుకొచ్చేది.

లంకకు వెళ్ళేవాళ్ళు చెప్పులు రేవులోనే విడిచేవాళ్ళు. అవతల అంతా వండ్రు, అడుగు వేస్తే చెప్పు అందులోనే ఉండిపోతుంది. మెట్లలో పైనున్న వెడల్పాటి మెట్టు చెప్పుల మెట్టు. పడవ నడిపే మావయ్య పిన్నికి అన్న. సాయంత్రం ఆయన అవతలి ఒడ్డుకు వెళ్ళొచ్చే చివరి ఖేవా కొట్టి, ఆ మెట్టు చూసి, చెప్పులేమీ లేకపోతే పడవను ఉప్పు కొట్టు దగ్గర ఇనుప గుంజకు కట్టి ఇంటికి వెళ్ళేవాడు. ఒక్క జత ఉన్నా ఒక మనిషి అవతల ఉన్నట్టే. మళ్ళీ వెళ్ళాల్సిందే. అందుకే ఆ మెట్టు మీద చెప్పులను ఎవరూ ముట్టుకోరు. మేం దిగిన కొత్తలో మా ఆవిడ వాటిని వరసగా సర్దబోతే పిన్ని అరుగు మీంచి కేకేసింది.

"అమ్మాయ్, ముట్టుకోకే తల్లీ! అవి చెప్పులు కాదు, మనుషులు."

ఆ మాట నేనూ విన్నాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు ఆ వీలు కూడా లేదు.

ఆ ఆదివారం మా అక్క, బావగారు గుడివాడ నుంచి వచ్చారు. బావగారు కొత్తగా కెమెరా కొన్నారు. గుడివాడ వెళ్ళినప్పుడల్లా నేను మా వీధి గురించి గొప్పలు చెప్పేవాణ్ణి కాబట్టి ముందు రేవు దగ్గరికే తీసుకెళ్ళాను. ఏరు అప్పటికే రంగు తిరిగింది. పైన వానలు పడుతున్నాయని, నీళ్ళు వదులుతారని వీధిలో అనుకుంటున్నారు. లంకకు వెళ్ళినవాళ్ళు తక్కువ. మెట్టు మీద ఒకే ఒక్క జత ఉంది. అరిగిపోయిన నీలం రబ్బరు చెప్పులు, ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. పిన్నివని చూడగానే తెలుసు.

మా అక్క మెట్ల మీద నిలబడింది. బావగారు కెమెరాలోంచి చూసి నవ్వారు.

"ఏమయ్యా, ఇంత దూరం లాక్కొచ్చింది తెగిన చెప్పులు ఫోటో తీయడానికా?"

నాకు సిగ్గేసింది. ముందు కాలితో పక్కకు నెట్టాను. ఇంకా కనపడుతున్నాయన్నారు. రెండు వేళ్ళతో పట్టుకుని తీసుకెళ్ళి మా అరుగు మీద రుబ్బురోలు వెనక పెట్టాను. ఫోటో అయ్యాక మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను. అబద్ధం కాదు, నిజంగానే అనుకున్నాను. ఇంతలో మోపిదేవి వెళ్ళే బస్సు వేళైందని మా ఆవిడ తొందరపెట్టింది. నలుగురం పరుగెత్తాం. స్వామి దర్శనం చేసుకుని, పుట్టలో పాలు పోసి, అరటాకులో భోజనం చేసి, ఎంతో తృప్తిగా తిరిగొచ్చాం. చెప్పులు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. ఆటోకు మైకు కట్టి, బెజవాడలో గేట్లు ఎత్తారు, ఏటి ఒడ్డున ఉండవద్దు అని చెప్పుకుంటూ తిరుగుతున్నారు. మా వీధి మొదట్లోకి రాగానే ఒక చప్పుడు వినిపించింది. లారీ ఆగకుండా వెళ్తున్నట్టు. అది నీళ్ళ చప్పుడని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. వీధి చివర కింది మెట్లు మునిగిపోయాయి. నీళ్ళలో మొదలంటా పెరికిన అరటిచెట్లు, ఎవరిదో పాక కప్పు కొట్టుకుపోతున్నాయి. అక్కడ నది ఒక్కటే కాదు, పోటు వేళకు సముద్రం కూడా కిందనుంచి తోస్తుంది. రెండూ ఎదురైతే నీరు పోవడానికి దారి ఉండదు.

బాబాయి నడివీధిలో నిలబడి ఉన్నాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"మీ పిన్ని ఏమైనా కనపడిందా మాస్టారూ?"

పడవ మావయ్య అరుగు మీంచి లేచాడు. "బావా, ఎన్నిసార్లు చెప్పాలి? నీళ్ళు లేస్తున్నాయని మధ్యాహ్నమే అందర్నీ తోలుకొచ్చేశా. కేకేశా. మెట్టు చూశా. చెప్పుల్లేవు. ముందు ఖేవాలో వచ్చేసుంటది. అవనిగడ్డలో వాళ్ళ చెల్లెలింటికి పోయిందేమో, పాలు పితికే వేళకు వస్తదిలే."

"చెప్పకుండా పోద్దా?"

"నీతో పోట్లాడి పోయిందనుకో. మా చెల్లెలు కదా, నీకు భయపడుతుందా?"

ఒకరిద్దరు నవ్వారు. బాబాయి కూడా నవ్వబోయాడు.  ఇంటికి వచ్చి రుబ్బురోలు వెనక చూశాను. ఉన్నాయి. పిన్నీసు మెరుస్తోంది.

బావగారు నా ముఖం చూసి సంగతి అడిగారు. చెప్పాను. ఆయన గొంతు తగ్గించారు.

"పిచ్చివాడా, ఇప్పుడు బయటపెడితే వీధి వీధంతా నీ మీద పడుతుంది. తీసుకెళ్ళి ఆ మెట్టు మీద పెట్టేయ్. అందరూ చూస్తారు. పడవ వెళ్తుంది. మనిషి వస్తుంది. అయిపోతుంది."

ఆయన్ని నిందించడానికి ఇది రాయడం లేదు. ఆ సలహా వినక ముందే నా చేతులు ఆ పని మొదలుపెట్టాయి. చెప్పులను పంచె మడతలో పెట్టుకుని, అరుగుల వెంట నడిచి, మసక వెలుతురులో పై మెట్టు మీద పెట్టాను. అప్పటికి నీళ్ళు ఆ మెట్టుకు జానెడు కిందే ఉన్నాయి. ఒక్క క్షణం ఆగి అరిచాను.

"బాబాయ్! చెప్పులు ఇక్కడే ఉన్నాయి!"

వీధి మొత్తం పరుగెత్తుకొచ్చింది. బాబాయి ఆ చెప్పులు చేతిలోకి తీసుకుని, పడవ మావయ్య వైపు తిరిగి ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"నా పెళ్ళాన్ని ఏట్లో వదిలేసి పడవ కట్టేస్తావా బావా? గుడ్డి నా కొడకా!"

 మావయ్య చొక్కా విడిపించుకోలేదు. మెట్టు వంక, చెప్పుల వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత తాడు విప్పడానికి వెళ్ళాడు. "ఈ నీళ్ళలోనా?" అని ఎవరో అన్నారు. ఆయన వినిపించుకోలేదు.

ఒక్కడూ వెళ్తే ఎలా, నీళ్ళు తోడేవాడు ఒకడుండాలి అన్నారు. నేను పడవలోకి దిగాను. ధైర్యం అనుకున్నారు. మా ఆవిడ ఒడ్డు మీంచి, "మీకు ఈత రాదండీ!" అని ఏడుస్తోంది. ధైర్యం కాదు. ఒడ్డు మీద ఆ మనుషుల మధ్య నిలబడలేకపోయాను, అంతే.

ఏరు మధ్యకు వెళ్ళేసరికి పడవ మావయ్య మాట వినడం మానేసింది. ముక్కు ఒక పక్కకు, తోక ఒక పక్కకు. ఒక దుంగ వచ్చి తగిలినప్పుడు నేను అడుగున పడ్డాను. లేచి డబ్బాతో నీళ్ళు తోడుతూ ఉన్నాను. ఎంత తోడినా పాదాలు మునిగే ఉన్నాయి. నోట్లోంచి దేవుడి పేరు కూడా రావడం లేదు. వెనక్కి చూస్తే ఉప్పు కొట్టు గోడ చిన్నదైపోయింది. ఆ తారు గీత ఎత్తుకు నీళ్ళు వస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మావయ్య తెడ్డు వేస్తూ తనలో తనే మాట్లాడుకుంటున్నాడు.

"ఎట్టా చూళ్ళేదు మాస్టారూ? దిగి మరీ చూశానే. మెట్టు మీద ఏం లేవే. కళ్ళు పోతన్నాయి నాకు. మా నాన్నక్కూడా ఇట్టాగే పోయినయ్."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈయనకు నిజం తెలిసి తెడ్డు వదిలేస్తే అన్న ఆలోచన వచ్చింది. నా ప్రాణం ఆయన చేతిలో ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను. ఆ మనిషి తెడ్డు వదిలే మనిషి కాడని నాకు తెలుసు. అయినా మూసుకున్నాను.

లంక కనపడలేదు. లంక ఉండాల్సిన చోట తుమ్మచెట్ల తలలు, ఒక మంచె. టార్చి వేశాను. మంచె మీద గడ్డిమోపు, దాని పక్కన పిన్ని. నడుముకు చుట్టిన కొంగు కొసను మంచె గుంజకు ముడి వేసుకుంది. నీళ్ళు మంచె పలకలను తాకుతున్నాయి.

"ఇంతసేపా అన్నా!" అంది. గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి ఉంటుంది.

పడవను గుంజకు ఆనించి పట్టుకోవడానికి మావయ్యకు ఒంట్లో ఉన్న శక్తంతా అయిపోయింది. నేను చెయ్యి అందించాను. ఆమె ముడి తడిసి బిగుసుకుపోయి ఊడిరాలేదు. కొడవలితో కొంగు కోసుకుని దిగింది. దిగినాక నా మణికట్టు వదల్లేదు. చెయ్యి మంచుముద్దలా ఉంది.

"చెప్పులు పెట్టే పోయాగదా," అంది కాసేపటికి. "మెట్టు చూస్తావు, వస్తావు అనుకుంటా కూర్చున్నా. వస్తాడు, వస్తాడు అనుకుంటా."

"నాదే తప్పమ్మా. నాకు కనపళ్ళేదు," అన్నాడు మావయ్య.

 వీధివాళ్ళు ఒడ్డున లాంతర్లు ఊపుతున్నారు. వాటి వంక చూస్తూ డబ్బాతో నీళ్ళు తోడుతూనే ఉన్నాను. ఒడ్డు చేరాక బాబాయి పిన్నిని పట్టుకుని ఏడ్చాడు. ఎవరూ మావయ్యతో మాట్లాడలేదు. ఆయన పడవ కట్టేసి తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మా అక్కా బావగారూ పొద్దున్నే బస్సెక్కారు. "ఏమీ అనకు," అని బావగారు మళ్ళీ చెప్పారు. నీళ్ళు కొంచెం తీశాయి. చూడ్డానికి వీధంతా రేవు దగ్గరే ఉంది. పిన్ని అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. మావయ్య పడవలో బురద ఎత్తిపోస్తున్నాడు. ఇకమీదట చివరి ఖేవాకు కుర్రవాణ్ణి ఎవర్నైనా పెట్టాలని, ఈయన కళ్ళను నమ్మలేమని బాబాయి ఎవరితోనో అంటున్నాడు. మావయ్యకు వినపడేలాగే.

నేను మెట్ల మీదికి దిగాను. చెప్పులు తీసింది నేనేనని, ఫోటో కోసమని, సాయంత్రం మళ్ళీ పెట్టి అరిచింది కూడా నేనేనని చెప్పాను. మధ్యలో మాట అందించి ఎవరూ సాయం చేయలేదు. చివరిదాకా నేనే చెప్పాల్సి వచ్చింది.

బాబాయి నా మీదికి రాలేదు. వస్తే బాగుండేది. మావయ్య చేతిలోని డబ్బా కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నయ్యన్నమాట."

"బాగానే ఉన్నాయి మావయ్యా."

"రాత్రంతా దీపం బుడ్డి ముందు పెట్టుకుని వేళ్ళు లెక్కపెట్టుకున్నాను మాస్టారూ." ఆయన నవ్వలేదు. మళ్ళీ డబ్బా అందుకున్నాడు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

పిన్ని మాత్రం అరుగు మీంచి అంది. "చెప్పులు తీసిన చెయ్యీ నీదే, పడవలో నీళ్ళు తోడిన చెయ్యీ నీదేగా. ముందు ఆ మెట్టు కడుక్కో, బురద పట్టింది."

కడిగాను. వీధివాళ్ళు చూస్తుండగానే కొబ్బరి పీచుతో రుద్ది వండ్రంతా వదలగొట్టాను. మధ్యాహ్నం రాళ్ళ సున్నం తెచ్చి, బానలో కలిపి, ఆ ఒక్క మెట్టుకు తెల్లగా రెండు పూతలు వేశాను. పొద్దు వాలాక కూడా ఎవరి చెప్పులైనా నల్లగా కనపడాలని. వరద వచ్చినప్పుడల్లా సున్నం కొట్టుకుపోయేది. నీళ్ళు తీయగానే మళ్ళీ వేసేవాణ్ణి. నాకు బందరు బదిలీ అయ్యేదాకా వేశాను. చివరి సారి వేస్తుంటే మావయ్య వచ్చి పక్కన కూర్చుని, నేను వదిలేసిన ఒక మూల చూపించాడు. అక్కడ కూడా వేశాను.