బహ్లా కుండలో సిగార్లు

నేను వారానికి ఒక సిగార్ తాగుతాను. ఒక్కటే. ఖరీదు మస్కట్‌లో ఓ మోస్తరు హోటల్లో ఇద్దరు భోంచేసినంత. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. నా చేతిలో దాన్ని చూసినవాళ్లలో కొందరు స్టోర్‌కీపర్‌కి ఇంత విలాసమా అంటారు. ఇంకొందరు, పెద్ద ఇళ్లవాళ్లు, ఇంత చవకరకమా అంటారు. ఇద్దరికీ నేను చెప్పుకోవలసిన సంజాయిషీ లేదు.

అది నికరాగువా ఆకు. చేత్తో చుట్టినది. నగిషీల చెక్కపెట్టెలో రాదు, కట్టగా కాగితంలో చుట్టి అమ్ముతారు. పై ఆకు మీద అక్కడక్కడా మచ్చలుంటాయి, ఒకదాని రంగుకీ మరోదాని రంగుకీ పొంతన ఉండదు. ధర తక్కువ కావడానికి కారణం అంతే. లోపల మాత్రం పొడీ నలుసూ కాదు, ఈ చివరనుంచి ఆ చివరదాకా నిలువుగా పరిచిన పూర్తి ఆకు. తాగేది దాన్నే. మచ్చ ఉందని మామిడిపండును పారేసేవాళ్లు ఉంటే వాళ్ల దారి వాళ్లది.

మాకు గోదావరి లంకల్లో పొగాకు తోటలుండేవి, ఒడ్డున చుట్టల కంపెనీ ఉండేది. కోసుకున్నంత గోదావరి కోసుకుపోయింది. ఊరూరా సిగరెట్లు వచ్చి చుట్టల గిరాకీ పడిపోయింది. మిగిలినదాన్ని మా నాన్నగారూ ఆయన అన్నదమ్ములూ కోర్టుల చుట్టూ తిప్పి కరగదీశారు. నా దాకా వచ్చినవి రెండే. నిటారుగా కూర్చునే అలవాటు, మా తాతగారి ముక్కు.

ముక్కు అంటే ఆకారం కాదు. తాతగారు ఎండుటాకును వేళ్ల మధ్య మడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, అది ఏ లంకలో పండిందో, దానికి ఏ నీళ్లు తగిలాయో చెప్పేవారు. పక్కన కూర్చోబెట్టుకుని నా చేతా వాసన చూపించేవారు. ఆకులు మగ్గే పాకలోకి ఉల్లిపాయను కూడా రానిచ్చేవారు కాదు. కూలీలు అన్నం మూటలు బయట చెట్టుకి కట్టుకుని రావలసిందే. పొగాకు పక్కన ఏది పెడితే దాని వాసన తాగేస్తుందనీ, తాగినదాన్ని మళ్లీ కక్కదనీ అనేవారు. నేను నేర్చుకున్న మొదటి చదువు అది.

సిగార్ తాగడానికీ ఒక పద్ధతుంది. ముందు ముట్టించకుండానే వాసన చూడాలి. నాదానికి ఎండుగడ్డి వాసన, దాని వెనక కాఫీ గింజ. చివర కోసి, నిప్పు అంచుకి మాత్రమే తగిలేలా తిప్పుతూ నిదానంగా వెలిగించాలి. మొదట నాలుక మీద మిరియం ఘాటు తగులుతుంది. అది తగ్గాక వేయించిన వేరుశనగ పొట్టు వాసన, ఇంకొంచెం కాలాక తాటిబెల్లం పాకం అడుగంటినట్టు ఒక చేదు తీపి. పొగ మింగకూడదు, నోట్లో తిప్పి వదిలెయ్యాలి. తొందరపడి పీల్చేవాడికి ఇవేవీ తెలియవు, వేడి మాత్రం తెలుస్తుంది. నుసి రాల్చకూడదు. మంచి ఆకైతే తెల్లగా, గట్టిగా, వేలి కణుపంత పొడుగున అలాగే నిలబడుతుంది.

నా భార్యకి ఇదంతా గిట్టదు. ఆవిడ మస్కట్‌లోనే, బౌషర్ పేటలో ఒక ఆస్పత్రిలో నర్సు, అదీ ఊపిరితిత్తుల వార్డులో. బాల్కనీలోంచి నేను లోపలికి వచ్చినప్పుడల్లా ముక్కు మూసుకునేది.

"మా వార్డులో ఆక్సిజన్ మీద పడుకున్నవాళ్లందరూ మీలాగ రుచి చూసినవాళ్లేనండి," అనేది.

అది నిజం. నేను కాదనలేదు. వారానికి ఒకటి అన్న కట్టడి అలా వచ్చింది. ఇల్లు ఆవిడది, కట్టడి ఆవిడది, పాటించడం నా మర్యాద.

రెండేళ్ల క్రితం నేను పనిచేస్తున్న కంపెనీకి మస్కట్‌లో ప్రాజెక్టు అయిపోయింది. స్టోర్ మూసేశారు. వీసా గడువు తీరేలోగా ఇంకో పని దొరకాలి, లేదంటే ఆవిడని ఇక్కడ వదిలి నేను ఇండియా వెళ్లాలి. అప్పుడు బౌషర్‌లోనే ఒక పెద్దమనిషి దగ్గర స్టోర్స్ మేనేజర్ ఉద్యోగం ఖాళీ అయింది. ఆయనదీ మా గోదావరే. సొంత కాంట్రాక్టింగ్ కంపెనీ, పెద్ద విల్లా. వాళ్ల తాత మా చుట్టల కంపెనీలో కాటా దగ్గర తూకం వేసేవాడు. ఆ తూకంలో ఎన్నడూ తేడా రాలేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆ మనవడు సొంతంగా పైకొచ్చాడు, అందులో నేను తప్పుపట్టేది లేదు. కానీ ఆయన ఆ సంగతి మరిచిపోలేదు, నన్నూ మరవనివ్వలేదు. అందరూ నన్ను పేరుపెట్టి పిలిస్తే ఆయనొక్కడూ దొరగారూ అనేవాడు. ఆ పిలుపులో మర్యాద ఎంతో, వెటకారం ఎంతో కాటా వేయనక్కర్లేకుండానే తెలిసేది.

శుక్రవారం భోజనానికి రమ్మని పిలిచాడు. ఉద్యోగం సంగతి అక్కడే తేలుస్తానన్నాడు. బయలుదేరేముందు నా భార్య చొక్కా కాలరు సవరిస్తూ ఒకే ఒక మాట చెప్పింది.

"ఆయన ఏమన్నా ఊఁ అనండి. ఒక్క పూట."

సరేనన్నాను.

భోజనాలయ్యాక ఆడవాళ్లు లోపల కూర్చున్నారు. మగవాళ్లం పెరట్లో ఎండ తగ్గిన వైపు కుర్చీలు వేసుకున్నాం. నలుగురైదుగురు ఉంటారు. నేను అలవాటుగా జేబులోంచి నా సిగార్ తీశాను.

"మళ్లీ ఆ బీడీయేనా దొరగారూ," అన్నాడాయన. అందరూ నవ్వారు. ఆయన నా చేతిలోంచి దాన్ని మెల్లగా అందుకున్నాడు. లోపలికి వెళ్లి పళ్లెంలో రెండు సిగార్లు పెట్టుకొచ్చాడు. రెండింటికీ కాగితపు పట్టీలు తీసేశాడు. నాది చాలా లావుగా ఉంటుంది కాబట్టి పోల్చుకోకుండా తనవాటిలో అదే లావుది ఏరి తెచ్చాడు. మచ్చలు కనపడకూడదని నా కళ్లకి చేతిరుమాలు కట్టమన్నాడు. పక్కన కూర్చున్న హైదరాబాద్ ఇంజనీరు మొహమాటపడుతూనే కట్టాడు.

"ఏది మంచిదో చెప్పండి. తాతగారి ముక్కు మీకొచ్చిందంటారు కదండీ, సూద్దాం," అన్నాడు. "వస్తువు మంచీ సెడ్డా తెలిసినోడికే నా స్టోరు తాళాలు ఇత్తాను. ఆయ్."

అందరికీ అది ఆట. నాకు కాదు. ఉద్యోగమూ, నా భార్య ఉన్న ఊళ్లో ఉండడమూ ఆ పళ్లెంలో ఉన్నాయి. నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆస్తీ అందులోనే ఉంది. తోటలు పోయినా, కంపెనీ పోయినా, ఆ ముక్కు ఉందని నేను నమ్ముకుని బతికాను.

మొదటిది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మంచి ఆకు. నాదానికన్నా పాతది, మెత్తగా మగ్గినది. కానీ ఆ వాసన కింద ఇంకో వాసన ఉంది. ఆవపిండి, నువ్వులనూనె, వెల్లుల్లి. మళ్లీ చూశాను. సందేహం లేదు. ఆవకాయ. ఇంటాయన తన ఖరీదైన సిగార్లను వంటింటి ఫ్రిజ్‌లో, ఊరినుంచి వచ్చిన పచ్చడి డబ్బాల పక్కన దాచుకుంటున్నాడు. చల్లగా ఉంటే పాడవవని అనుకున్నాడు కాబోలు. కొరికితే పై ఆకు పెళుసుగా చిట్లింది. ఫ్రిజ్ దాని తడంతా లాగేసింది.

అంటే ఏది ఎవరిదో ముట్టించకముందే నాకు తెలిసిపోయింది. మొదటిదే మంచిదని అంటే చాలు. ఇంటాయన మురిసిపోతాడు, తాళాలు నావి, నా భార్య చెప్పినట్టు ఊఁ అన్నట్టూ అవుతుంది. అబద్ధమని ఎవరికీ తెలియదు కూడా.

మర్యాద కోసం రెండూ ఇంజనీరు చేత వెలిగించుకుని తాగాను. మొదటిది వేడిగా, గబగబా కాలింది. నాలుక చివర చురుక్కుమంది. రెండోది ఎప్పటిలాగే మిరియంతో మొదలై నిలకడగా వెలిగింది. ఆ పెరట్లో, ఆ రుమాలు వెనక, నాకు చాలా స్థిమితంగా అనిపించింది.

"ఇది మంచిది," అని రెండోది పైకెత్తాను.

నవ్వులు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను రుమాలు విప్పుకున్నాను. ఇంటాయన మొహం వెలిగిపోతోంది.

"అది మీ బీడీయేనండి దొరగారూ."

"తెలుసు."

"తెలిసే సెప్పారా?"

"మీరు ఏది ఖరీదైనదని అడగలేదు. ఏది మంచిదని అడిగారు. మీదీ మంచిదే, మీ ఇంటికొచ్చేదాకా. ఫ్రిజ్‌లో ఆవకాయ పక్కన పెట్టి చంపేశారు."

అక్కడితో ఆగిపోయినా బాగుండేది. కానీ హైదరాబాద్ ఇంజనీరు, పాపం, ఉండబట్టలేక మొదటి సిగార్ చేతిలోకి తీసుకుని కాలని భాగం దగ్గర వాసన చూశాడు.

"అవును సార్," అన్నాడు ఆశ్చర్యంగా. "ఆవకాయనే."

ఇంటాయన లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు పెద్దది కాలేదు.

"మీ తాతగారి పాకల్లో అయితే ఇలా మాట్టాడేవోరేమో. ఇది నా ఇల్లండి."

"మీ ఇల్లే," అన్నాను నేనూ లేచి. "ముక్కు మాత్రం నాది."

నా సిగార్ సగం మిగిలి ఉంది. దాన్ని వాళ్ల పళ్లెంలో వదిలి రావడం నాకు ఇష్టం లేకపోయింది. అది చేతిలో ఉండగానే గేటు దాటాను.

నా భార్య లోపలినుంచి వచ్చి కారెక్కింది. లోపల ఆడవాళ్లకి అంతా వినపడిందట. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగింది.

"ఆవకాయేనని గట్టిగా తెలుసా? మాగాయ కాదు కదా?"

"వెల్లుల్లి ఉంది," అన్నాను.

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది. కాసేపటికి నవ్వాపి, ఊఁ అనడం అంత కష్టమా అని అడిగింది. కష్టమేనన్నాను. మళ్లీ ఆ విషయం ఎత్తలేదు.

విల్లానుంచి ఏ కబురూ రాలేదు. వస్తుందని నేను ఎదురుచూడలేదు. గడువు ఇంకా కొద్ది రోజులుందనగా బహ్లాలో పని దొరికింది. బౌషర్‌నుంచి కారులో రెండు గంటల దారి. ఇళ్ల సామాను అమ్మే కొట్టు, దాని వెనక గోదాము. సిమెంటు, పైపులు, పెయింట్లు. జీతం తక్కువ. వారమంతా అక్కడే గోదాము పక్క రూమ్‌లో ఉండి, గురువారం సాయంత్రం ఇంటికొస్తాను. అర్బాబ్, అంటే కొట్టు యజమాని, పెద్దాయన, ఒమానీ. పొగ తాగడు. నన్ను పేరుతో పిలుస్తాడు, ఖహ్వా, వాళ్ల కాఫీ, పోస్తే ముందు నాకే అందిస్తాడు. దొరగారూ అన్న పిలుపు నాకు అక్కడ లేదు. దానికోసం నేను బెంగపడలేదు.

బహ్లా గాలి పొడి. మస్కట్ ఉక్కలో బాగున్న సిగార్లు ఇక్కడ వారం తిరక్కుండా చిట్లడం మొదలుపెట్టాయి. ఈ ఊరు కుండలకి ప్రసిద్ధి. బజారులో మెరుపు పూత లేని ఒక మట్టికుండ, మూతతో సహా కొన్నాను. పగిలిన పెంకు ఒకటి నీళ్లలో నానబెట్టి, తుడిచి, అడుగున పెట్టి, దానిమీద కర్రపుల్లలు పేర్చి, సిగార్లు సర్దాను. పెంకు ఆరినప్పుడల్లా మళ్లీ నానబెడతాను. ఆకు మెత్తబడింది. గదిలో ఉల్లిపాయలు, పచ్చళ్లు ఉండవు. వంట బయట వరండాలో.

ప్రతి బుధవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక, ఎండ ఖర్జూరపు తోట గోడ దాటి వాలుతుండగా, వరండాలో కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చుని ఒకటి వెలిగిస్తాను. అటుపక్క పైపుల లారీ ఆగి ఉంటుంది. అది నా దర్బారు.

ఈమధ్య ఫోన్ వచ్చింది. గొంతు వెంటనే పోల్చుకున్నాను.

"దొరగారూ, మీ ఊళ్లో కుండలు బాగుంటాయంట కదండీ."

బాగుంటాయన్నాను. కాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. తరవాత అసలు సంగతికి వచ్చాడు. ఎవరో పెద్ద అతిథి వచ్చి ఆయన సిగార్ ముట్టించి, మాట్లాడకుండా పక్కన పెట్టేశాడట. నా కుండ సంగతి ఎవరి ద్వారానో విన్నాడట; పెట్టె నిండా ఉన్నాయి, నా పద్ధతిలో ఏమైనా బాగవుతాయా అని అడిగాడు. స్టోర్స్ మేనేజర్ కుర్చీ మళ్లీ ఖాళీ అయిందని కూడా అన్నాడు, అదేదో పక్కమాటలాగా.

"కుర్చీ ఖాళీగానే ఉండనివ్వండి," అన్నాను. "పెట్టె పంపండి. నావాటితో మాత్రం కలపను."

నా భార్యకి చెప్తే, కుర్చీ కాదన్నందుకు కోప్పడుతుందనుకున్నాను. ఇప్పుడు వారమంతా ఇంట్లో పొగ వాసన లేకుండా ఉంది, అలాగే ఉండనివ్వమంది.

పెట్టె డ్రైవర్ చేత వచ్చింది. బజారుకెళ్లి రెండో కుండ కొన్నాను. పెంకు నానబెట్టి, ఆయన సిగార్లు అందులో సర్ది, నా కుండకి దూరంగా, గోదాములో పెయింట్లు లేని మూల పెట్టాను. బుధవారాల్లో మూత తీసి చూస్తాను. ఆకు మెత్తబడింది, రంగు తేరుకుంది. అప్పుడప్పుడు ఆయన ఫోన్ చేసి ఎలా ఉన్నాయని అడుగుతాడు.

"ఇంకా వెల్లుల్లి ఉందండి," అని చెప్తాను. ఉన్నది ఉన్నట్టే.