పక్కింటాయన రైఫిలు, నా వెర్నియర్ కాలిపర్

అమెరికాలోని నోవైకి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ సీసాకీ గోంగూర సీసాకీ మధ్య నా వెర్నియర్ కాలిపర్ పెట్టుకున్నాను. కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివేటప్పుడు కొన్నది. మావారి ఉద్యోగం మీద వచ్చిన నా వీసాతో నేను పని చేయకూడదని తెలిసే వచ్చాను. కానీ తెలియడం వేరు, మూడేళ్లు ఇంట్లో కూర్చోవడం వేరు. ఒకరోజు తోచక చపాతీ మందం కొలిచాను. రెండు మిల్లీమీటర్ల మీద కొంచెం.

మావారిది సాఫ్ట్‌వేర్. వీధిలో అందరూ ఆయన్ని ఇంజనీరనేవారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

పక్కింటాయన రిటైరైన స్కూల్ బస్సు డ్రైవరు. మంచు పడితే అడక్కుండానే మా వాకిలి కూడా శుభ్రం చేసే మనిషి. శనివారాలు షూటింగ్ రేంజ్‌కి వెళ్లి గురి చూసి కాల్చడం ఆయన సరదా. ఆయన రైఫిల్‌కి గ్యాస్ బ్లాక్ పగిలింది. గుండు పేలినప్పుడు గొట్టంలోంచి కాస్త గ్యాసుని వెనక్కి మళ్లించి, తర్వాతి గుండు దానంతటదే ఎక్కేలా చేసే చిన్న ముక్క అది.

"నువ్వు ఇంజనీరువి కదా, కొత్తది ఏది కొనాలో చెప్పు" అని మావారిని అడిగాడు. తుపాకీని సినిమాల్లో తప్ప చూడని మావారు దర్జాగా తలూపేశారు.

ఇక వారం రోజులు రివ్యూలు చదివారు. ప్రెషర్ కుక్కర్ కొన్న పద్ధతే.

"ఇదిగో, దీనికి ఫైవ్ స్టార్స్ ఉన్నాయి. ఆర్డర్ చేసేయమంటా."

"గొట్టం లావెంతో కొలిచారా?"

"అందరూ వాడే సైజ్ ఇదేనట. అవన్నీ నీకెందుకు, కాఫీ పెట్టు."

పెట్టాను. పంచదార వేయలేదు.

ముక్క వచ్చింది. వాళ్ల గరాజ్‌లో బిగించే ముచ్చట చూద్దామని నేనూ వెళ్లాను. బక్క చేతికి అత్తగారి గాజు తొడిగినట్టు, అది గొట్టం మీద గలగలా ఆడింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గొట్టం తయారుచేసినవాడిదే తప్పన్నారు మావారు. పైగా వంటింటి ఫాయిల్ చుట్టి బిగిద్దామన్నారు. పాపం ఆ పెద్దాయన నిజంగానే ఫాయిల్ కోసం లోపలికి బయల్దేరాడు. అంత వేడి గ్యాసు పక్కకి చిమ్మితే ఆయన చెయ్యేం కాను?

"ఆగండి" అని ఇంటికి పరుగెత్తి కాలిపర్ తెచ్చాను.

"నువ్వు గన్ టచ్ చేయకు! మన వీసా..." అంటూ మావారు అడ్డొచ్చారు.

"నేను ముట్టుకోను. నా కాలిపర్ ముట్టుకుంటుంది."

పక్కింటాయన లోపల తూటాల్లేవని రెండుసార్లు చూపించి, రైఫిల్‌ని బల్లకున్న వైస్‌లో బిగించాడు. కొలిచాను. మావారు తెప్పించింది ముప్పావంగుళానిది. గొట్టం అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులే. ఆ సైజులో ఉక్కుది, బిగింపు స్క్రూలున్నది తెప్పించుకోమన్నాను. గొట్టానికున్న రంధ్రమూ బ్లాకుకున్న రంధ్రమూ ఒకదానికొకటి సరిగ్గా కలవాలన్నాను. ఈ దేశానికి వచ్చాక నేను అంత ఇంగ్లీషు ఒక్క బిగిన మాట్లాడింది అప్పుడే.

కొత్త ముక్క వచ్చాక, ఓ శనివారం ఆయన రేంజ్ నుంచి తిరిగొచ్చి, రైఫిల్ బ్రహ్మాండంగా పనిచేసిందని మా ఇంటి వైపు బొటనవేలు పైకెత్తి చూపించాడు. వరండాలో ఉన్న మావారు తనూ బొటనవేలు ఎత్తి చూపించారు. ఆ వేలు విరిచేద్దామనిపించింది.

చలికాలంలో ఓ ఉదయం మంచు ఊడ్చే ఆయన స్నోబ్లోయర్ మొరాయించింది. వచ్చి మా తలుపు తట్టాడు. మావారు జాకెట్ తొడుక్కుని జిప్పు గడ్డం దాకా లాక్కున్నారు.

"నువ్వు కాదు, ఇంజనీరుని పిలువు" అన్నాడాయన.

మావారు జిప్పు కిందికి దించుకుంటూ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చారు.

"ఇంజనీరు గారూ, మీ కోసం వచ్చారు."

దోసెల పిండి కలుపుతున్నాను. ఏడుపొచ్చేసింది. పిండి చేత్తో కళ్లు తుడుచుకోలేక, మోచేత్తో తుడుచుకున్నాను. మావారు గిన్నె నా చేతుల్లోంచి తీసుకున్నారు.

"నువ్వెళ్లు. కాఫీ నేను పెడతా."

"పంచదార వేయండి" అన్నాను.