కడిగిన డబ్బా

మా చిన్నప్పుడు... గుడివాడలో మా ఇంటి వసారా నిండా ఊళ్లోవాళ్ల పిల్లలే ఉండేవారు. ఉద్యోగాలకి వెళ్లే అమ్మలు పొద్దున్నే మా అమ్మకి అప్పజెప్పి వెళ్లేవారు. ఐదుగురు పిల్లలు, ఐదు స్టీలు డబ్బాలు.

పదకొండున్నరకి అమ్మ డబ్బాలన్నీ మూతలు తీసి వాసన చూసేది. తర్వాత ఒక్కో ముద్ద తను నోట్లో వేసుకునేది. ఏ మాత్రం పులుపు తగిలినా అది పక్కింటి గేదె కుడితిలోకే... ఆ పిల్లకి మా అన్నం, మా చారు. ఇంట్లో మేము చద్దన్నం తినేవాళ్లమే గానీ, పరాయి పిల్లలకి మాత్రం అప్పుడే దించిన అన్నం.

సుజాత టీచరుగారి పాప డబ్బా ఎండలు మొదలయ్యాక దాదాపు రోజూ కుడితిలోకే వెళ్లేది. ఆవిడ ముదినేపల్లి బస్సు అందుకోవాలి. పొగలు కక్కే పప్పన్నం డబ్బాలో పెట్టి మూత బిగించేసేవారు. మధ్యాహ్నానికి మూత లోపలంతా నీళ్లు, అన్నం తీగలు సాగేది. కాస్త చల్లారాక మూత పెట్టమ్మా అని అమ్మ ఒకసారి చెప్పి చూసింది. బస్సు వెళ్లిపోతుందండీ అన్నారావిడ. అమ్మ ఇంక చెప్పలేదు. అంతా తిన్నదా పిన్నిగారూ అని సాయంత్రం అడిగితే తలూపి, తోమిన డబ్బా చేతికిచ్చేది.

ఆ తోమే పని నాది. తొమ్మిదేళ్లదాన్ని, విసుగు... ఓ రోజు ఆవిడ అలా అడగ్గానే నేనే అనేశాను.

"పాచిపోతోందండీ. అమ్మ రోజూ పారబోస్తోంది."

ఆవిడ మూత తీసి, ఖాళీ డబ్బాలోకి చూస్తూ అరుగు మీద కూర్చుండిపోయారు.

"నాలుగింటికి లేస్తున్నానండీ... అన్నం ఒక్కటైనా దీనికి నా చేత్తో వండి పెట్టాలని."

అమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాటి నుంచి ఆవిడ డబ్బా తేవడం మానేశారు. పాపని దింపి, ఖాళీ చేతులతో కాసేపు అక్కడే నిలబడి వెళ్లేవారు.

ఇప్పుడు నా వంతు... బాబుని పక్క వీధిలో ఒకావిడ దగ్గర దింపి ఆఫీసుకి పరిగెడతాను. ఫ్రిజ్ ఉంది, వేడి నిలిచే డబ్బా ఉంది. ఓపికే లేదు. అన్నం ఫ్యాను కింద ఆరబెట్టే తీరిక అసలే లేదు. సాయంత్రం డబ్బా తళతళలాడుతూ తిరిగొస్తుంది.

మీలోనూ ఇలా కడిగిన డబ్బా అందుకునే అమ్మలుంటారు... వాడు తిన్నది మన అన్నమేనా అని మీరు అడుగుతారా అండీ?

నేను అడగను... పొద్దున్నే లేచి మళ్లీ వండాలి కదా.