మూడుసార్లు చదివిన కాగితం

1947 ఎండాకాలం. బస్తర్ అప్పటికింకా రాజ్యమే. దక్షిణాన, శబరి ఒడ్డున ఒక తహసీల్ కచేరిలో నేను గుమాస్తాను. భద్రాచలం వైపు వాణ్ణి కాబట్టి తెలుగు, మెట్రిక్ గట్టెక్కాను కాబట్టి ఇంగ్లీషు, పొట్టకూటి కోసం హిందీ వచ్చు. కచేరి కాగితాలన్నీ హిందీలో ఉండేవి. వాటిని దొర్లలనే అడవి తెగవాళ్ళ ఊళ్ళకు తీసుకెళ్ళి, తెలుగులో వినిపించి, అడుగున వేలిముద్రలు వేయించుకు రావడం నా ఉద్యోగం. వినిపించడం అన్నది పేరుకే. కచేరికి కావలసింది ముద్రలు.

ఆ వేసవిలో నా సంచిలో ఉన్నది అడవి హద్దుల ఉత్తర్వు. హద్దు గీతకు అవతలున్నదంతా రిజర్వు అడవి అవుతుంది. అంటే అక్కడ దున్నకూడదు, కొమ్మ నరకకూడదు, ఇప్పపువ్వు ఏరకూడదు. గీత ఎక్కడ పడుతుందన్న దాని మీదే ఊరి తిండి ఆధారపడి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా చీకటి పడకముందే ముద్రలు తీసుకుని బయటపడాలన్నదే నా తొందర.

నేను చేరేసరికి ఊరంతా చింతచెట్ల కింద కూర్చుని ఉంది. పది ఊళ్ళ పరగణాకు పెద్ద అయిన మాంఝీ ముత్తయ్యది ఈ ఊరే. బక్కపలచని మనిషి, మాట నెమ్మది. కాగితం సంగతి ఎత్తకముందే ఆయన ఢిల్లీ గురించి అడిగాడు. రాజుల కాలం పోతుందని, అక్కడెవరో సభ పెట్టి కూర్చున్నారని సంతలో విన్నాడట.

అడగడమే ఆలస్యం, నాకు పూనకం వచ్చింది. బడిలో సివిక్స్ పుస్తకంలో పార్లమెంటు మీద ఒక పాఠం చదివాను. దాన్ని విప్పి చెప్పడానికి అన్నేళ్ళకు మనుషులు దొరికారు. ఢిల్లీలో రాజ్యాంగం రాస్తున్నారని, అది పూర్తయ్యాక జనం ఎన్నుకున్నవాళ్ళతో పార్లమెంటు ఏర్పడుతుందని చెప్పాను. ఆ సభ ఒప్పుకోనిదే పన్ను వేయడానికి లేదని, మంత్రినైనా నిలబెట్టి ప్రశ్న అడగవచ్చని చెప్పాను. బిల్లు అంటే ఇంకా చట్టం కాని కాగితమని, దాన్ని మూడుసార్లు చదవనిదే చట్టం చేయరని చెప్పాను. మొదటి రీడింగ్‌లో సభ ముందు పెడతారు. రెండోసారి క్లాజు క్లాజుగా, అంటే ఒక్కో అంశాన్నీ విడదీసి, తర్కిస్తారు. తప్పుంటే దిద్దుతారు, ఆ దిద్దుబాటే అమెండ్‌మెంట్. మూడోసారి మొత్తం చదివి ఓటు వేస్తారు.

ముత్తయ్య నా సంచి వైపు చూశాడు.

"గంత పెద్దోళ్ళే మూడుమార్లు సదువుకుంటె, మాకు ఒక్కమారన్న సదవకుంట ఏలుముద్ర అడుగుతవేంది పంతులూ?"

నోటి దురద తీర్చుకోబోయి నేనే ఇరుక్కున్నాను. కాగితం తీశాను.

మొదటిసారి గడగడా చదివేశాను. రెండోసారి ఒక్కో క్లాజు దగ్గర ఆగి, వాళ్ళ మాటల్లో చెప్పాను. నాలుగో క్లాజులో హద్దు గీత ఉంది: గుట్ట మొదలు నుంచి వాగు రేవు దాకా సూటిగా. మగవాళ్ళు తలలూపారు. గుట్ట తెలుసు, రేవు తెలుసు, రోజూ నడిచే దారే కదా అనుకున్నారు. నేనూ అదే అనుకుని ఐదో క్లాజుకు పోబోయాను.

ముత్తయ్య ఆపాడు. దొర్లల పంచాయితీలో ఒక కట్టుబాటు ఉంది. నోరు విప్పనివాళ్ళు ఒప్పుకున్నట్టు కాదు. వాళ్ళను పేరు పెట్టి అడగాలి, వాళ్ళు ఏదో ఒకటి చెప్పేదాకా మాట ముందుకు సాగదు. ఆయన ఒక్కొక్కరినే అడుగుతూ వెనక కూర్చున్న ఎర్రమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె విధవరాలు, గుట్ట పక్కనే ఆమె చేను. ఆమె లేచి గుట్ట వైపు నడిచింది. వెనకే ఊరూ, ఊరి వెనక నేనూ.

గుట్ట మొదట్లో నిలబడి రేవు వైపు చెయ్యి చాచి, అడుగు పక్కకు పడకుండా సూటిగా నడిచింది. రోజూ నడిచే దారి చేలను చుట్టుకుని వంకరగా పోతుంది. సూటిగా పోయే గీత ఆమె జొన్నచేను నడిమధ్య నుంచి, చనిపోయిన ఊరి పెద్దల పేరిట పాతిన రాళ్ళ మీదుగా పోయింది. చేను మధ్యలో ఆగి ఆమె నన్ను చూసింది.

"గీ కాగితం ఒప్పుకుంటె నేను రేపటి సంది ఏం తినాలె బాబూ?"

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కచేరిలో ఆ కాగితం మీద నలుగురు సంతకాలు చేశారు. నలుగురూ చదువుకున్నవాళ్ళే. ఆ గీతను కాలితో నడిచి చూసింది ఈమె ఒక్కతే.

మళ్ళీ చింతల కిందికి వచ్చి కూర్చున్నాం. 'సూటిగా' కొట్టేసి 'చేల గట్టు వెంబడి' అని రాశాను. మూడోసారి మొత్తం చదివాను. ముత్తయ్య మళ్ళీ ఒక్కొక్కరినీ అడిగాక, దిద్దిన కాగితం మీద అందరూ ముద్రలు వేశారు. ఎర్రమ్మ అందరికన్నా చివర వేసింది.

తహసీల్దారు నిప్పులు కక్కాడు. నిన్ను పంపింది ముద్రలకా, పార్లమెంటు నడపడానికా అన్నాడు. అయినా మంచివాడు, చించిపారేయకుండా పైకి పంపాడు. వానలకు ముందు కొలతవాళ్ళు మళ్ళీ వచ్చారు, గీత గట్టు మీదికి జరిగింది. ఆ సంగతి చెప్పడానికి ఛాతీ విరుచుకుని వెళ్ళాను. ముత్తయ్య అంతా విని, పక్క ఊరికి కూడా ఇలాగే చదివావా అని అడిగాడు.

చదవలేదు. వీళ్ళ దగ్గరికి రావడానికి రెండు రోజుల ముందే అక్కడ సర్కారు ఉత్తర్వని చెప్పి గంటలో ముద్రలు తీసుకున్నాను. ఆ మాట ఒప్పుకున్నాను. ఆయన కర్ర అందుకుని బయలుదేరాడు, నేను వెంట నడిచాను.

ఆ ఊళ్ళో ఇప్పచెట్లన్నీ గీతకు అవతల పడ్డాయి. ముద్రలు పెట్టేశాం, ఇంకేం చేస్తామని అక్కడి పెద్ద తల వంచుకున్నాడు. ముత్తయ్య నా వైపు తిరిగి అడిగాడు.

"ఆ సభల జేసిన చట్టం తప్పయితె, ఆ సభే మల్ల మార్సుకోవచ్చా పంతులూ?"

మార్చుకోవచ్చు, పార్లమెంటుకు ఆ అధికారం ఉంటుందని చెప్పాను.

"అయితె కూసో. మొదటి నుంచి సదువు."

చదివాను. వాళ్ళ అభ్యంతరాలన్నీ రాసుకుని కచేరిలో ఇచ్చాను. చట్టం అన్నది ఎవరి మీద పడుతుందో వాళ్ళు విని, ప్రశ్నించి, దిద్దాకనే చట్టమవుతుందని నేను నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ కాదు, అక్షరం రాని ఆ మాంఝీ దగ్గర. అంత తెలివైన సభాపతిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఊరి గీత మారడానికి రెండేళ్ళు పట్టింది. అప్పటికి బస్తర్ రాజ్యమే లేదు. ఆ రెండేళ్ళూ ఇప్పపువ్వు ఏరబోయిన ఆడవాళ్ళు అడవి గార్డుల చేత తిట్లు తిన్నారు. ఆ తిట్లు తినవలసింది నేను.