వేలి యంత్రం చెప్పిన అంకె

ఇదివరకు పొద్దున్నే మా ఆయన చూపుడువేలికి ఆ యంత్రం తగిలించేదాన్ని. అగ్గిపెట్టె అంత ఉంటుంది. బట్టల క్లిప్పులా వేలిని పట్టుకుని, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో పచ్చ అంకెల్లో చూపిస్తుంది. ఇప్పుడు అదే వేళకి మా అమ్మాయి దాన్ని నా వేలికి పెడుతోంది. ఆయన పోయి మూడు నెలలైనా లోపలి రబ్బరు నాకు వెచ్చగానే తగులుతుంది.

మా ఆయన ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట ఇరవై రెండేళ్ళు ఆవిరి ఇస్త్రీ చేశాడు. కారునలుపు మనిషి. తోటివాళ్ళు "బొగ్గుబావా" అని పిలిచేవారు. ఆయనా తక్కువ తినలేదు. "అన్నీ తెల్ల దుప్పట్లే కదరా, వాటిలో కలిసిపోయి కనపడకపోతే జీతం కోసేస్తారని దేవుడు ముందే ఆలోచించాడు" అనేవాడు. చివరి రెండేళ్ళు ఊపిరితిత్తులు చెడి ఇంటిపట్టునే ఉన్నాడు. అంకె తొంభై రెండుకి దిగితే ఫోన్ చెయ్యమని నర్సు చెప్పింది. రోజూ నోటుపుస్తకంలో రాసేదాన్ని.

అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. నల్లని ఒంటి మీద ఈ యంత్రం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందా అని వాళ్ళ మేడమ్ దగ్గర పరిశోధన చేస్తోంది. వార్డుల్లో రక్తం తీసి చూసిన లెక్కనీ, వేలి మీది లెక్కనీ పోలుస్తారు. "తెల్లగా ఉన్నవాళ్ళకి ఒకటో రెండో తేడా. మనలాంటి వాళ్ళలో కొందరికి పది దాకా ఉంటోందమ్మా. మనిషి మునిగిపోతున్నా అది బాగున్నాడనే అంటుంది" అని చెప్పింది.

ఒక మధ్యాహ్నం గోడగూడు తుడుస్తుంటే అందులోని యంత్రం మీట నొక్కుకుపోయింది. లోపల వేలు లేదు, నా గుడ్డ అంచు ఉంది. ఎర్రదీపం వెలిగింది. కాసేపటికి తొంభై ఆరు. గుండె కొట్టుకునే గీత కూడా కదిలింది.

"ఏవండీ" అన్నాను.

తొంభై ఏడయింది.

అమ్మాయి వచ్చి చూసింది. నవ్వలేదు. "అది ఊపిరిని చూడదమ్మా, వెలుగుని చూస్తుంది. గుడ్డ కదిలితే నాడి అనుకుంటుంది." అర్థమైంది. అయినా దీపం ఆరేదాకా ఊపిరి బిగబట్టుకునే నిలబడ్డాను.

మర్నాడు యంత్రం నా వేలికి పెడుతూ అంది: "నాన్న పుస్తకం కూడా మా పట్టికలో వేస్తున్నా. పోయిన రోజు పొద్దున వేలి మీద తొంభై మూడు, మధ్యాహ్నం ఆస్పత్రిలో రక్తం తీస్తే డెబ్భై ఎనిమిది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

నోరు మూసుకుంటే దాని చదువులో నా అబద్ధం ఉండిపోతుంది. చెబితే కూతురికి నేనేమవుతానో తెలీదు.

"అది ఒక్కసారి చూసింది కాదే."

"మరి?"

"రోజూ మూడుసార్లు పెట్టేదాన్ని. వేలు రుద్ది, వెచ్చజేసి. మూడింట్లో పెద్దది రాసేదాన్ని. తక్కువొస్తే మీ నాన్న ముఖం వాడిపోయేది."

"ఆ రోజు?"

"ఎనభై ఆరు. ఎనభై తొమ్మిది. తొంభై మూడు. నర్సు ఫోన్ చేసి అడిగితే మూడోదే చెప్పాను. ఇంట్లోనే ఉండమంది."

యంత్రం నా వేలి మీదే ఉంది. నా నాడి పరుగెత్తడం ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

"నాన్నది తీసేస్తాను" అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మూడు రోజులు నా వేలు ముట్టలేదు. నాలుగో రోజు ఒక కాగితం ఇచ్చింది. మా వీధిలో ఒప్పుకున్న పద్దెనిమిది ఇళ్ళు, ఇంటికో గడి. "ఒక్కసారే పెట్టు. మొదట వచ్చిందే రాయి."

ఏడో ఇల్లు జాకెట్లు కుట్టే పెద్దమ్మది. ఆమెదీ మా ఆయన రంగే. ఎనభై ఏడు వచ్చింది.

"నాకేం రోగమే, గుండ్రాయిలా ఉన్నాను! నీ డబ్బాకే జబ్బు. చెయ్యి చల్లగా ఉంది, ఉండు" అంటూ అరచేతులు రుద్దుకుంది. మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది. ఆ ఆగడం నాకు తెలుసు. రెండేళ్ళు నా పక్కనే పడుకుంది. "ఊఁ, ఇంకోసారి పెట్టు."

"వద్దు పెద్దమ్మా. చెప్పులేసుకో."

"ఎక్కడికే?"

"ఆస్పత్రికి."

"ఇంకా పదకొండు ఇళ్ళున్నాయిగా నీకు! మీ అమ్మాయి ఊరుకుంటుందా?"

ఎనభై ఏడు రాశాను. మిగతా గళ్ళు ఖాళీగానే ఉంచి, కాగితం ఆమె కుట్టుమిషను మీద వదిలేసి, ఆటోని పిలిచాను.