మా నెట్ సెంటర్‌కు వేసిన సీలు

బోధన్ బస్టాండు దాటి చక్కెర ఫ్యాక్టరీ వైపు నడిస్తే, సైకిళ్ళు బాగుచేసే దుకాణం పక్కన మా నెట్ సెంటర్ ఉండేది. రేకుల కప్పు, మూడు కంప్యూటర్లు, మూలకు గాజు తలుపుతో ఒక ఎస్టీడీ డబ్బా. టైపు నేర్చుకున్న పాపానికి దాన్ని నేనే నడిపేదాన్ని. చెరుకు బండ్లు పోయే దారి కాబట్టి సీజన్‌లో కీబోర్డు మీద చేయి పెడితే దుమ్ము అంటుకునేది. తుడిచీ తుడిచీ నా తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ సెంటర్ పెట్టించింది మా బావ. మమ్మల్ని కన్న అవ్వ, బాపు పోయాక నన్ను సాకింది అక్కా బావలే. బావ ఫ్యాక్టరీలో సీజన్‌కు పనిచేసేవాడు. ఆ పని ఏటికేడు తగ్గిపోతుంటే, మా చర్చిలో ఇంకొందరు మగవాళ్ళు పోయినట్టే అతనూ గల్ఫ్‌కు పోయాడు. మొదట్లో నాలుగు పైసలు మిగిలితే వాటితో నాకు కంప్యూటర్లు కొనిపెట్టించాడు. "నువ్వు ఎవ్వని ముంగట చెయ్యి సాపొద్దు పిల్లా" అన్నాడు ఫోన్‌లో. ఆ తర్వాతే అతని కష్టాలు మొదలయ్యాయి. యజమాని జీతం ఆపాడు, పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకున్నాడు. బావ అక్కడి నుంచి పారిపోయి, ఎక్కడ పని దొరికితే అక్కడ దొంగచాటుగా చేసుకుంటూ బతికాడు. అట్లా కాగితాలు లేకుండా తిరిగేవాళ్ళను మా దిక్కు ఖల్లివల్లి అంటారు. పోలీసుల కంటపడితే జైలు. ఇంటికి రావాలన్నా దారి లేదు.

ఇప్పటి పిల్లలు వింటే నవ్వుతారు గానీ, అప్పట్లో మా వాడకట్టు మొత్తానికి ఒకటే ఈమెయిల్ ఐడీ. అది నాది. పాస్‌వర్డ్ చెరుకు, దాని వెనక ఒకటీ రెండూ మూడూ. అది అందరికీ తెలుసు. దుబాయిలో ఉన్న తమ్ముడికి తెలుసు, మస్కట్‌లో ఉన్న అల్లుడికి తెలుసు. వాళ్ళు అక్కడ ఏదో ఒక నెట్ కేఫ్‌లో కూర్చుని నా ఐడీ తెరిచి, నాకే మెయిల్ రాసి పెట్టేవాళ్ళు. పైన "ఇది ఫలానా ఆమెకు" అని ఉండేది. నేను దాన్ని ప్రింటు తీసి ఉంచేదాన్ని. గల్ఫ్‌లో శుక్రవారం సెలవు కాబట్టి, శనివారం పొద్దున ఆడవాళ్ళు వచ్చి బల్ల మీద కూర్చునేవాళ్ళు. ఎక్కడో వేల్పూర్ నుంచి కూడా ఒకామె వచ్చేది, ఆమె పెనిమిటి మా బావ గదిలోనే ఉండేవాడు. చదువు రానివాళ్ళకు నేనే చదివేదాన్ని. మొగుళ్ళు రాసిన ముద్దుమాటలు చదవాల్సి వస్తే నాకు సిగ్గు. పెళ్ళికాని పిల్లతో ఇవన్నీ చదివిస్తున్నందుకు వాళ్ళకు నవ్వు. "సదువు సదువు, రేపు నీకు గూడ పనికొస్తయ్" అని ఆటపట్టించేవాళ్ళు.

స్కానర్ కొన్న కొత్తలో కనపడ్డ కాగితమల్లా స్కాన్ చేశాను, అదో సరదా. బావ పోయేముందు ఇంట్లో ఉంచిన పాస్‌పోర్టు జిరాక్స్ కూడా స్కాన్ చేసి ఆ ఐడీలో పెట్టాను. ఆ వానాకాలం ట్రంకు పెట్టెకు చెదలు పట్టి ఆ జిరాక్స్ మన్నైపోయింది. అక్క తలపట్టుకుంటే నేనే ధైర్యం చెప్పాను, మెయిల్‌లో ఉంది కదా అని. అప్పటికి అది నిజమే.

రెండువేల తర్వాతి తొలి సంవత్సరాలవి. ఒక మధ్యాహ్నం ఎస్టీడీ ఫోన్‌కు బావ చేశాడు. గొంతులో సంతోషం దాచుకోలేకపోతున్నాడు. కాగితాలు లేనివాళ్ళను శిక్ష లేకుండా ఇంటికి పంపిస్తామని అక్కడి సర్కారు చెప్పిందట. నెలాఖరు దాకా గడువు. ఎంబసీలో పాస్‌పోర్టు కాపీ చూపిస్తే చాలు, పాస్‌పోర్టుకు బదులు ఔట్‌పాస్ ఇచ్చి విమానం ఎక్కిస్తారు.

"జిరాక్స్ మెయిల్ల ఉన్నది గద పిల్లా?" అన్నాడు.

"ఉన్నది బావా. శుక్రారం పోయి ప్రింటు తీసుకో, గంతే."

అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఏం తేవాలని బావ అడిగినట్టున్నాడు. "నీ అసొంటి మొగోడు దొరికితె ఒకణ్ణి తే. ఏం తేవాల్నట! నువ్వు రా, సాలు" అంది. అన్నేళ్ళలో అక్క అట్లా నవ్వడం నేను చూడలేదు. ఆ సాయంత్రమే చర్చికి పోయి దేవునికి స్తోత్రం చెప్పి వచ్చింది.

శుక్రవారం ఇంకా రానే లేదు, ఆర్డరు వచ్చింది. ఎవడో ఒక సర్కారు ఆఫీసు కంప్యూటర్లలోకి దూరి, వాళ్ళ వెబ్‌సైటు నిండా బూతులు రాసిపెట్టాడట, ఫైళ్ళు చెడగొట్టాడట. ఏ నెట్ సెంటర్ నుంచి చేశాడో తెలియదు. అందుకని అత్యవసర అధికారాల కింద జిల్లాలో ఉన్న నెట్ సెంటర్లన్నీ మూసేయాలని, అనుమానం ఉన్న యంత్రాలను స్వాధీనం చేసుకోవాలని హుకుం. నిజామాబాద్ నుంచి జీపులో వచ్చారు. మా ఐడీ తెరిచి చూసిన అధికారి కళ్ళు పెద్దవయ్యాయి. ఒకే ఐడీని ఒకే పూట బోధన్‌లో, దుబాయిలో, మస్కట్‌లో తెరిచారాయె. పెద్ద చేప దొరికిందనుకున్నాడు.

"ఎంతమంది ఉన్నారు మీ ముఠాలో?" అన్నాడు.

"వాడకట్టు మొత్తం సార్" అన్నాను.

నేను వెటకారం చేయలేదు, ఉన్నమాటే చెప్పాను. అతనికి మండింది. మూడు కంప్యూటర్లకూ తెల్లగుడ్డ చుట్టి, దారం కట్టి, జీపులో తీసుకుపోవడానికి లక్క కరిగించి సీలు వేయించాడు. ఎస్టీడీ డబ్బా జోలికి మాత్రం రాలేదు. సీలు వేసిన కానిస్టేబుల్ మా వాడకట్టువాడే. వాళ్ళ తమ్ముడు దుబాయిలో ఉంటాడు, మొన్నటి శనివారమే అతని మెయిల్ ప్రింటు నా దగ్గర తీసుకుని పోయాడు. ఇప్పుడు నా మొహం చూడకుండా లక్క పోస్తున్నాడు. మరునాడు మామూలు బట్టల్లో వచ్చి, మూసిన తలుపు ముందు నిలబడి, "మా తమ్మునిది ఏమన్న వచ్చిందా చెల్లె?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సీలు ఏసింది నువ్వే గదనే! నన్నడుగుతవేంది?"

"నౌకరీ చెల్లె" అన్నాడు. పాపం, అతన్ని అని మాత్రం ఏం లాభం.

నన్ను నిజామాబాద్ పిలిపించి కూర్చోబెట్టారు. ప్రింటు తీసిన మెయిళ్ళు ఒక్కొక్కటే ముందు పెట్టి అర్థం అడిగారు. "బర్రె ఈనింది, దూడ మంచిగున్నది" అని ఒకటి. బర్రె అంటే ఏమిటి, దూడ అంటే ఎవరు అని ఒకాయన గట్టిగా నిలదీశాడు. బర్రె అంటే బర్రే సార్ అంటే నమ్మడు. ఇంకో మెయిల్‌లో "పసుపు ఆరబెట్టినం, మబ్బు పట్టింది, బుగులైతున్నది" అని ఉంది. ఆ భయం దేనికోనని దాని కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టారు. ఇంకోసారైతే నవ్వి చచ్చేదాన్ని. ఆ రోజు నా కళ్ళు గోడ మీది క్యాలెండరు మీదే ఉన్నాయి.

అక్క బయట మెట్ల మీద కూర్చుంది. నన్ను వదిలాక ఇద్దరం కలిసి, సీలు వేయించిన ఆ అధికారి ముందు నిలబడ్డాం. విషయం అంతా చెప్పాను. ఒక్క కాగితం సార్, మీ ముందే ప్రింటు తీసి ఇవ్వండి, ఐడీ మీ దగ్గరే ఉంచుకోండి అన్నాను. అప్పటికే పాస్‌వర్డ్ మార్చేశారని అప్పుడు తెలిసింది.

"ఎమర్జెన్సీ ఆర్డర్ అమ్మా ఇది. ఆధారాలు ముట్టుకోవడానికి లేదు. నా చేతుల్లో లేదు."

"మరి ఎవరి చేతుల్ల ఉన్నది సారూ?" అంది అక్క. "మీ సర్కారుకు ఎమర్జెన్సీ అయితె మాది గూడ ఎమర్జెన్సీయే. నా పెనిమిటికి నెలాఖరే గడువు."

అతను చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించాడు, నీళ్ళు తెప్పించాడు. హైదరాబాద్‌కు రాసి అడుగుతానన్నాడు. రాశాడో లేదో నాకు తెలియదు.

ఇదంతా రాస్తున్నది సర్కారుకు అట్లాంటి అధికారం ఉండకూడదని కాదు. దొంగ దూరితే తలుపులు మూయాల్సిందే, అంత తెలివి నాకూ ఉంది. కానీ మూసే అధికారం ఒక్క పూటలో హైదరాబాద్ నుంచి బోధన్ దాకా, మా రేకుల కొట్టు దాకా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఒక్క కాగితం కోసం తెరిచే అధికారం ఎవరి దగ్గరుందో అడుగుదామంటే చెప్పేవాడు లేడు. ప్రతివాడూ పైకి చూపిస్తాడు. ఇన్నేళ్ళైనా నా కడుపుమంట చల్లారనిది అక్కడే.

శుక్రవారం బావ ఫోన్ చేశాడు. "పాస్‌వర్డ్ తప్పంటుంది పిల్లా, మార్చినవా?" అన్నాడు. జరిగింది చెప్పాను. "పోనీ నంబరన్న ఉన్నదా?" అన్నాడు. ఎంబసీ వాళ్ళు నంబరు చెప్పినా వెతికి చూస్తామన్నారట. నంబరు ఎవరికి గుర్తుంటుంది? అక్క చదువుకున్నది కాదు. అయినా ఆ జిరాక్స్ తీసి చూసుకునేది కదా, కళ్ళు మూసుకుని, వేలితో ఒళ్ళో గీస్తూ, ముందు ఇట్లా ఒక గీత, దానికి ఒక కొక్కెం, చివర్న రెండు సున్నాలు అంటూ గుర్తు చేసుకోవడానికి పెనుగులాడింది. గీసిందే మళ్ళీ మళ్ళీ గీసింది. నేను ఎస్టీడీ డబ్బాలోకి పోయి, తలుపు వేసుకుని ఏడ్చాను.

హైదరాబాద్ పాస్‌పోర్టు ఆఫీసుకు పోయాం. నంబరు లేకుండా పాత ఫైలు వెతకాలంటే అర్జీ పెట్టుకోవాలి, జవాబు పోస్టులో వస్తుంది అన్నారు. పెట్టుకున్నాం. జవాబు రాలేదు. నెలాఖరు వచ్చింది. ఆ రోజు బావే ఫోన్ చేసి మమ్మల్ని ఓదార్చాడు. "గీళ్ళు గడువు మల్ల ఇస్తరు. ఎప్పుడో ఒకప్పుడు ఇస్తనే ఉంటరట. పరేషాన్ కాకుండ్రి." తనతో గదిలో ఉన్న వేల్పూర్ ఆమె పెనిమిటి విమానం ఎక్కాడని, అతని చేతికిచ్చి అక్కకు ఒక చీర పంపానని చెప్పాడు. చీర వచ్చింది.

ఆర్డరు ఎత్తేశారని పేపర్లో లోపలి పేజీలో వచ్చింది. ఆ పని చేసింది ఎక్కడో వేరే రాష్ట్రంలో చదువుకుంటున్న ఒక పోరగాడట, సరదాకి చేశాడట. వాని సరదా మన్నువడ. మా కంప్యూటర్లు తెచ్చుకోమని కబురు పెట్టారు. తెచ్చి, గుడ్డలు విప్పి, ఐడీ తెరవబోతే అసలు అట్లాంటి ఐడీయే లేదంది. కొన్నాళ్ళు ఎవరూ తెరవకపోతే ఆ ఉచిత మెయిల్ కంపెనీవాళ్ళు తీసేసేవాళ్ళు. పాస్‌వర్డ్ మార్చినవాళ్ళు ప్రింట్లు తీసుకున్నాక దాన్ని మళ్ళీ తెరిచిన పాపాన పోలేదు. వాడకట్టు ముచ్చట్లన్నీ అందులోనే పోయాయి.

కంప్యూటర్లతో పాటు ఒక గోధుమరంగు కవరు కూడా ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. ఇంటికొచ్చి విప్పితే మా ఐడీలోంచి తీసిన ప్రింట్లు. బర్రె ఉంది, పసుపు ఉంది. వాటి అడుగున బావ ఫోటోతో పాస్‌పోర్టు కాపీ. మీద గుండ్రటి ముద్ర, కింద సంతకం. మేము ఆ మెట్ల మీద కూర్చుని అడుక్కున్న రోజున, లోపల ఆ బల్ల మీదే, ఆ దొంతరలోనే ఉందది. నంబరు చివర్న నిజంగానే రెండు సున్నాలు ఉన్నాయి. అక్క కాగితాన్ని కొంగుతో తుడిచి, బైబిల్‌లో పెట్టింది.

మరుసటి ఎండాకాలం బావకు జ్వరం వచ్చింది. దవాఖానకు పోతే కాగితాలు అడుగుతారని పోలేదట. మాత్రలు మింగుతూ ఎండలో పనికి పోయాడు. ఎవరో తెలుగాయన ఫోన్ చేశాడు. ఎత్తింది నేనే. శవాన్ని పంపాలంటే పాస్‌పోర్టు కాపీ ఫ్యాక్స్ చేయమన్నాడు. అక్క బైబిల్ తెరిచి తీసి ఇచ్చింది. చేశాను. ఆ ముద్ర ఏమిటని కూడా ఎవరూ అడగలేదు.

హైదరాబాద్ విమానాశ్రయంలో కార్గో దగ్గర చాలాసేపు నిలబెట్టారు. పెట్టె వచ్చింది. గుమస్తా పెట్టె మీది పేరు చూసి, మా కాగితంలోని నంబరు చూసి, రెండూ కలిశాయని తలూపి కాగితం అక్కకు తిరిగి ఇచ్చాడు. అక్క దాన్ని మడవలేదు. ఫోటో వంక చూస్తూ, నాతో మెల్లగా అంది.

"గీ కాయిదం గప్పుడే ఇస్తె మనిషే వస్తుండె గద చెల్లె."